అంచులు కోసిన రొట్టె

1998 ఏప్రిల్, అమావాస్య ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. కలకత్తాలో ఖిదిర్పూర్ రేవు వెనక, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ బస్తీలో బైరాగి గది. కడుపులో పుండు ముదిరి మంచం పట్టిన అన్నకి ఏదో ఒకటి తినిపించాలని, సాల్ట్ లేక్‌లో వంటపని చేసుకునే దాలమ్మ రెండు బస్సులు మారి వచ్చింది. నిజం చెప్పాలంటే తిండి ఒక్కటే కాదు, రేవులో చనిపోయిన మొగుడు గురువులు గురించి అతని నోటి నుంచి ఒక మాట రాబట్టుకోవాలని కూడా వచ్చింది. నాలుగింటికి యూనియన్ మనిషి వచ్చేలోగా ఆ మాట రావాలి. అన్న మొండితనం ఆమెకి కొత్త కాదు.

"ఒక్క అబద్దం, అన్నా. ఒక్కటంటే ఒక్కటి. నీ నోరేటి పడిపోదు."

"సచ్చేముందు అబద్దమాడమంతావేటే?"

"బతికుండగా ఎప్పుడూ ఆడనట్టు."

"ఏటన్నావు?"

"ఏటీ అన్నేదు. తల కూసింత ఎత్తు, తలగడ సరిసేస్తాను. ఆ... గోవిందరాజు నాలుగింటికి వస్తాడు. నువ్వు పెద్ద కతేటీ సెప్పక్కర్లేదు. 'ఆయేల గురువులు నా బిల్ల దొంగతనం సెయ్యనేదు, నానే ఇచ్చినాను' అను. అంతే. ఆడు రాసుకుని పోతాడు."

"దేనికి రాసుకుంతాడు? పందొమ్మిదేల్లయినాది."

"మే డేకి యూనియన్ ఆపీసు ముందు రాయి నిలబెడతన్నారు, ఎన్నిపాల్లు సెప్పాల? రేవులో పనిమీద సచ్చినోలందరి పేర్లూ సెక్కిస్తారు. మా ఇంటాయన పేరు కూడా ఉండాల."

"దొంగబిల్లోడి పేరు సెక్కుతారేటి?"

"అదేగదా నా ఏడుపు. సూడన్నా, ఇత్తడి బిల్ల సూపించందే రేవు గేటు దాటనియ్యరు. ఒకడికి జొరమొస్తే ఇంకోడు ఆడి బిల్ల తగిలించుకుని ఆడి పేరుమీద పనికెల్లడం మనోల్లలో ఎప్పట్నించో ఉన్నదే. నువ్వెల్లనేదా మల్లేశు బిల్లతో? అలాగ ఇచ్చిన బిల్లతో ఎల్లి సస్తే యూనియనోల్లు ఆడ్ని పనోడి కిందే లెక్కెడతారు. ఎత్తుకెల్లిన బిల్లయితే దొంగ. తేడా అంతే. నువ్వు అను, సాలు."

"ఎత్తుకెల్లినోడిని ఇచ్చినానని ఎలాగ అనను?"

"ఎత్తుకెల్లినాడు, నానొప్పుకుంతన్నాను. నీకు జొరం, ఒల్లు తెలకుండా తొంగున్నావు, మేకుకి తగిలించిన సొక్కా జేబులోంచి తీసుకుపోనాడు. పందొమ్మిదేల్లనించి వింటన్నాను ఆ ముక్క. దొంగతనం సేసి, నీ పేరుమీద ఓడలో దిగి, బస్తాల కింద పడి సచ్చినాడు. అందుకే గదా అబద్దమాడమంతన్నాను. నిజమైతే నిన్ను బతిమాలాల్సిన కర్మేటి నాకు?"

"ఇంతకీ ఇంత ఆలస్యమైనాదేటి? రెండింటికల్లా వస్తానన్నావు."

"మాట మార్సకు."

"మార్సనేదు. అడుగుతన్నాను."

"అమాస కదా. దీపమెట్టి బయల్దేరినాను. శ్యాంబజార్ కాడ బస్సు దొరకనేదు."

"గురువులుకెట్టినావేటి దీపం?"

"ఆయనకా? ఆయనకెందుకెడతాను? ఇంకోరికి."

"ఎవులికి?"

"నీకెందుకు. బతికున్నాడో నేదో తెలని మనిసి. నరసి కడుపుతో ఉన్నాది, అన్నా. ఏడో నెల. అత్తోరింట్లో దాన్ని పేరెట్టి పిలవడం ఎవులికీ అలవాటు నేదు. దొంగబిల్ల గురువులు కూతురు. అంతే. రేపు పుట్టీ గుంటడ్ని దొంగబిల్లోడి మనవడంతారు. రాయి మీద తాత పేరుంటే ఆ మాట అనడానికి నోరు రాదు. నా కోసం వద్దు. ఆ గుంటడి కోసం ఒక్క అబద్దం."

"ఆకలేస్తన్నాది."

"నీకా?"

"మరెవులికి?"

"నాలుగు దినాలై గంజి దిగనేదు నీకు. పక్కింటి కామాక్షమ్మ సెప్పినాది, సెంచాతో పోస్తే ఇటునించటు కారిపోతన్నాదని."

"గంజి కాదు. ఏరేది."

"రొట్టె కదేటి?"

"నీకెలా తెలుసు?"

"మొన్న జొరంలో కలవరించినావు. రొట్టె, రొట్టె, ఆ రొట్టె అని. డాగ్దరు బాబు ఏటడిగితే అది ఎట్టెయ్యమన్నాడు, ఇంక పత్తెం ఏటీ నేదన్నాడు. అందుకే అన్నీ తెచ్చినాను. ఇదిగో, రొట్టె. వెన్న. నాను వొండీ ఇంటి శారదమ్మగోరిని అడిగి కోడి రొమ్ము ముక్క ఉడకెట్టి పీచుపీచుగా సేసి తెచ్చినాను. కీరాకాయ. సేండ్విచ్చి అంతారు దాన్ని. పిల్లల బడి డబ్బాల్లో రోజూ నానే ఎడతాను. ఆ ఇంటి పట్టాభి బాబు కూడా బేంకుకి అదే పట్టుకెల్తాడు."

"అది వేరు. నాను తిన్నది వేరు. జన్మలో ఒక్కపాలే తిన్నాను. తరవాత ఎన్ని తిన్నాను, పెల్లిల్లలో తిన్నాను, పూజా రోజుల్లో దుకానాల్లో తిన్నాను. అలాంటిది మల్లీ తగల్నేదు."

"ఎలాగుండేదో సెప్పు మరి. నువ్వు సెప్తండు, నాను సేస్తాను. తింటూ ఆలోసించు నా మాట."

"రొట్టె తెల్లగుండాల. మల్లిపువ్వంత మెత్తగా. మన బస్తీ దుకానంలో పావురొట్టి కాదు."

"ఇది సాల్ట్ లేక్ రొట్టె. ముట్టుకో. సరేనా? తరవాత?"

"అంచులుండకూడదు."

"ఏటి?"

"ఎర్రగా మాడి ఉంతాది సూడు సుట్టూ, ఆ అంచు. నాలుగేపులా కోసి పారేసినారు. అంత రొట్టె పారేసినోలు కూడా ఉంతారా లోకంలో అనుకున్నాను. తరవాత మూలకి మూల కోసినారు. ప్లేటు మీద తెల్లటి తడిగుడ్డ కప్పినారు, ఎండిపోకుండా. ఆ గుడ్డ తీస్తంటే... ఏటే, కొయ్యడం ఆపేసినావు?"

"ఆపనేదు. కోస్తన్నాను. అంచులు నీకు దాసనా, పారెయ్యనా?"

"పారెయ్యి."

"ఎవులింట్లో తిన్నావు ఇంత సొంపైన రొట్టె?"

"ఇంట్లో కాదు. ఓడల కంపినీ సాహెబు గదిలో."

"సాహెబు గదిలోకి నిన్ను రానిచ్చినారేటి?"

"రానియ్యడమేటి, కూకోమన్నాడు. గుడ్డ కుర్సీలో. నెత్తిమీద పంకా. కల్లు మూసుకుంటే నిద్దరొచ్చీలాగున్నాది. సొంత సేత్తో ప్లేటు ఇలాగ నా ముందుకి జరిపినాడు. 'ఖావ్, బైరాగీ' అన్నాడు. పేరెట్టి పిలిసినాడే. అంతవరకూ ఆల్లకి నా పేరుందని కూడా తెలదు."

"ఎందుకు పిలిసినాడు?"

"దీపావలి."

"దీపావలికి కూలోల్లని పిలిసి సేండ్విచ్చి ఎట్టినాడా?"

"కూలోల్లని కాదు, కూలి ముఠాల సర్దార్లని. మా సర్దారు రానన్నాడు, నన్ను పంపినాడు. నువ్వు రొట్టె సెయ్యి, ఆరాలెందుకు?"

"ఎంతమంది తిన్నారు?"

"నానొక్కడినే."

"అదేటి, సర్దార్లందరూ ఏరి?"

"ఆల్లు ముందే తినేసి ఎల్లిపోనారు. నాను ఆకర్న ఎల్లినాను. దాలీ, ఇంక అడక్కు, ఆయాసమొస్తన్నాది."

"సరే, అడగను. వెన్న?"

"దండిగా. కొరికితే పల్ల ముద్దర వెన్నలో అవుపడాల."

"కీరా?"

"పల్సగా. ఇటు సూస్తే అటు అవుపడేటట్టు."

"మిరియాలు?"

"కూసింత."

"అంతేనా?"

"ఇంకోటున్నాది. పసుప్పచ్చగా, ఒక గీత గీసినట్టు రాసినారు. కారం కాదు. నాలిక మీద ఏటీ తెలదు, తిన్నగా ముక్కులోకి ఎక్కిపోతాది. కల్లంట నీల్లు. దాని పేరు నాకు తెలదు. అదుంటేనే ఆ రుసి... ఏటే, ఆ సీసా?"

"కాసుంది."

"ఏటి?"

"దాని పేరు. ఆవాలు నూరి పులవబెడతారు బంగాలీలోల్లు. రాసేసినాను. పట్టుకో. నానే ఎత్తి పట్టుకుంతాను, నువ్వు కొరుకు. సిన్నగా. నమలు. నీల్లు తాగు. ఎలాగున్నాది?"

"అదే."

"అదేనా?"

"అదే, దాలీ. అచ్చంగా అదే రుసి. నాను సెప్పకముందే ఎలా తెచ్చినావే? శారదమ్మగోరింట్లో అలాగే సేస్తారేటి?"

"నేదు. ఆల్లు మన తెలుగోల్లే, ఆల్లకి కాసుంది వాసన పడదు. నా సీసా నాను ఏరేగా దాసుకుంతాను."

"మరి?"

"నానూ ఒకపాలి తిన్నాను, అన్నా. నీలాగే, ఒక్కపాలే. అంచుల్లేవు. మూలకి మూల కోసినాది. ముక్కులోకి ఎక్కినాది, కల్లంట నీల్లొచ్చినాయి. ఆ మంట ఏటో తెలక, ఆల్లింట్లో పన్లో సేరినాక ఎన్ని డబ్బాలు మూత తీసి వాసన సూసినానో. రెండేల్లకి ఒక బంగాలీ దుకానంలో దొరికినాది."

"ఎవులెట్టినారు నీకు?"

"నువ్వే."

"నానా?"

"నువ్వు తెచ్చిందే, అన్నా. తెల్లటి కాయితం రుమాల్లో సుట్టి, సొక్కా లోపల ఎట్టుకుని తెచ్చినావు. సగం ముక్క. నరసికి అప్పటికి మూడేల్లు. దానికి కొరికించి, మిగిలింది నాను తిన్నాను. మరిసిపోనావేటి?"

"అది... అది ఇంకోటి."

"జన్మలో ఒక్కపాలే తిన్నానన్నావు."

"అన్నానా?"

"ఇప్పుడే. ఈ మంచం మీదే."

"అయితే రెండుపాల్లు తిన్నానేమో. పెద్దోన్నయిపోనాను, గేపకముంతాదేటి?"

"అంచులు కోసింది గేపకమున్నాది. తడిగుడ్డ గేపకమున్నాది. నాకూ గేపకమున్నాది, ఎందుకంటే ఆయేల ఇంట్లో పొయ్యి రాజెయ్యనేదు. ఆయన సవాల గదిలో ఉన్నాడు. పోలీసులు ఇంకా ఇవ్వనేదు. సావింటికి ఇరుగుపొరుగోల్లు అన్నం వొండి తెస్తారు, ఎక్కడైనా తెస్తారు. మా గుమ్మంలోకి ఒక్కలూ రాలేదు, దొంగ సవానికి ఎవులొస్తారు? రెండో దినం సందేల నువ్వొచ్చినావు. ఎక్కడిదన్నా ఈ రొట్టె అంటే, దారిలో ఎవులో పున్యాత్ముడిచ్చినాడన్నావు. పేరు తెలదన్నావు."

"అవును. పున్యాత్ముడే."

"ఇప్పుడు సాహెబంతన్నావు."

"దాలీ..."

"దీపావలి కాదు, అన్నా. ఆయన సచ్చింది మాగ మాసంలో. సచ్చిన రెండోనాడు ఆ సాహెబు నిన్ను గుడ్డ కుర్సీలో కూకోబెట్టి, పేరెట్టి పిలిసి, సేత్తో ప్లేటు జరిపి రొట్టె ఎందుకెట్టినాడు?"

"గోవిందరాజొచ్చీ వేలయినాది."

"రానీ. ఎందుకెట్టినాడు?"

"ఆకలేసినాదే. రెండు దినాలు పచ్చి మంచినీల్లు కూడా..."

"ఆకలి నాకూ ఏసినాది. నువ్వెందుకు తిన్నావని నానడగనేదు. ఆడెందుకెట్టినాడు?"

"కాయితం."

"ఏటి కాయితం?"

"ఏలిముద్ర. బిల్ల నువ్విచ్చినావా అన్నాడు. ఇచ్చుంటే నీదే తప్పు, నీ పని పోతాది, నీ మీద కేసవుతాది అన్నాడు. ఆడే ఎత్తుకెల్లుంటే నీకేటీ కాదు, రేపు పొద్దున్న మామూలుగా పన్లోకి రా అన్నాడు. ఆ ప్లేటు నా ఎదుటే ఉన్నాది. గుడ్డ తీసినాడు. వాసనొచ్చినాది, దాలీ. ఆ వాసన."

"నువ్విచ్చినావా?"

"ఏటి?"

"బిల్ల. నువ్విచ్చినావా, ఆయన తీసుకెల్లినాడా?"

"నాకు జొరం నేదు."

"అన్నా."

"ఆయేల నాకు జొరం నేదే. లిలువా ఎల్లినాను. రైలు కార్కానాలో పని ఇప్పిస్తానని మన ఊరి నరసయ్య కబురెట్టినాడు. ఇక్కడ నాగా ఎడితే పేరు కొట్టేస్తారు, అక్కడ పని దొరుకుతాదో నేదో తెలదు. నా బిల్లతో ఒక్కపూట దిగు బావా అన్నాను. వద్దన్నాడు."

"వద్దన్నాడా."

"రెండుపాల్లన్నాడు. ఇంకోడి పేరుమీద ఓడలోకి దిగితే, ఏటైనా అయితే పెల్లాం బిడ్డా దిక్కునేనోల్లయిపోతారు బైరాగీ అన్నాడు. సెల్లి మొగుడివి, ఈపాటి సెయ్యవేటి అన్నాను. గుప్పిట్లో బిల్ల ఎట్టి నానే ఏల్లు మూసినాను."

"సొక్కా జేబులోంచి తియ్యనేదు."

"నేదు."

"మేకుకి తగిలించిన సొక్కా, ఒల్లు తెలని జొరం, అన్నీ..."

"అన్నీ ఆ సాహెబు రాయించినాడు. నాను ఊ అన్నాను. తరవాత నోటికి అలవాటైపోనాది."

"ఏలిముద్ర ఎప్పుడేసినావు? తినకముందా, తిన్నాకా?"

"ఎందుకే ఇప్పుడదంతా?"

"సెప్పు."

"తింటూ. ఎడం బొటనేలు కాయితం మీద, కుడిసేతిలో రొట్టె. ఆడే నా ఏలు పట్టుకుని నొక్కినాడు. సగం తిన్నాక నువ్వూ నరసీ గేపకమొచ్చినారు. ఇంక మింగుడు పడనేదు."

"మింగుడు పడక తెచ్చినావు. మా కోసం కాదు."

"మీ కోసమే. నీమీదొట్టు, మీ కోసమే."

"ఒట్లెయ్యకు. ఒకటడుగుతాను. ఏలిముద్ర ఏసినాక రుసేటైనా మారినాదా?"

"నేదు. అదే నా పాపం, దాలీ. మారనేదు. మారుంటే బాగున్ను. ఇన్నేల్లలో దాన్ని మించినది ఇంకోటి నా నోట్లో పడనేదు. తిట్టు. కొట్టు. నీకు సెప్పుదామని ఎన్నిపాల్లు మీ గుమ్మందాకా ఒచ్చి ఎల్లిపోనానో. పని పోతాదని బయం. ఆ పనుండబట్టే గదా నీకింత నూకా తెచ్చిచ్చినాను, నరసి పెల్లికి పెద్దదిక్కై నిలబడ్డాను."

"నిలబడ్డావు. పెల్లి పందిట్లో మొగపెల్లోరు, దొంగబిల్ల గురువులు కూతురు ఇదేనా అన్నారు. నువ్వు పక్కనే ఉన్నావు. తల దించుకున్నావు. మా అన్న నా మొగుడి కోసం సిగ్గుపడతన్నాడు, పాపం అనుకున్నాను."

"ఇంక సాలు, దాలీ."

"ఆ రొట్టె మీద తెల్లటి తడిగుడ్డ కప్పినారు. ఆయన మీద గోనెపట్టా కప్పినారు, కాల్లు బయటికే ఉన్నాయి. ఇంటికి తెచ్చినాక సవాన్ని తిట్టినాను, అన్నా. అందరి ముందూ. దొంగముండాకొడకా, నా అన్న కడుపు కొట్టడానికేనా సచ్చినావు అని. నువ్వు నా సెయ్యి పట్టుకుని ఊరుకోమన్నావు."

"దాలీ, మంచినీల్లు."

"ఇదిగో. తాగు."

"బైరాగి మావా, లెగిసినావా? ఓహో, కూకుని రొట్టె తింతన్నాడే. దాలమ్మత్తా, నీ సేతి మహిమ. కంచం సూసి నాలుగు దినాలయిందన్నారు, ఇప్పుడు సగం కాలీ సేసేసినాడు. బాగున్నాదేటి మావా?"

"రా, గోవిందరాజు. రాసుకో."

"కూకోనీ మావా, ఎండన పడొచ్చినాను. అత్తా, మొకం అలాగుందేటి? ఏడిసినావేటి? సరేలే. మావా, ఒకటే ముక్క. బిల్ల ఆడు ఎత్తుకెల్లినాడా, నువ్విచ్చినావా? సూడు, అత్త బతిమాలినాదని అబద్దం సెప్పకు. రేపు పైనోల్లు నన్నడుగుతారు."

"ఇచ్చినాను. ఆడు వద్దన్నాడు. రెండుపాల్లు వద్దన్నాడు. గుప్పిట్లో ఎట్టి మూసినాను."

"నిజమేనా?"

"నిజమే రా. ఆయేల సాహెబు కాయితం మీద ఏసిన ఏలిముద్ర అబద్దం. అది కూడా రాసుకో."

"అదంతా ఇప్పుడెందుకులే మావా, మనకి పేరు కావాల. రాసినాను. ఇక్కడ ఎయ్యి. ఎడం బొటనేలు. సిరా డబ్బీ తెచ్చినాను, ఇలాగియ్యి సెయ్యి..."

"ఆగు, గోవిందరాజు. ముందు ఆ ప్లేటు తియ్యనీ."

"ఉండనీ అత్తా, అడ్డమేటి?"

"తీసేసినాను. ఇప్పుడెయ్యించు."

"ఆ... నొక్కు. అయిపోనాది. ఇంతేగదా మావా, దీనికి ఇన్నేల్లు పట్టినాదేటి నీకు? అత్తా, ఇంక బెంగ వద్దు. గురువులు మావ పేరు రాయి మీదికెక్కుతాది. నరసి సంటిగుంటడ్ని ఎత్తుకొచ్చి సూపిస్తాది. నువ్వు ప్రెతి అమాసకీ దీపమెడతావంట కదా, కామాక్షమ్మ సెప్పినాది, గంగ గట్టుకాడ నిలబడి ఎడతాదని. ఇంక అక్కడికీ ఇక్కడికీ తిరక్కర్లేదు. ఆ రాయి దగ్గిరే ఎట్టుకో, మావకి."

"ఆయనకి కాదురా ఎడతన్నది. దొంగతనం సేసి సచ్చినోడికి దీపమేటని ఒక్కనాడూ ఎట్టనేదు. ఆకలేల నాకూ నా బిడ్డకీ రొట్టె ఇచ్చిన పున్యాత్ముడు ఎక్కడున్నా సల్లగా ఉండాలని, పందొమ్మిదేల్లూ ఆడికెట్టినాను."